చెక్కు మీద నా పేరు

మేం అమెరికా వచ్చిన కొత్తలో మా వారు ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్తూ, ఇంటద్దె కోసం ఒక చెక్కు మీద సంతకం పెట్టి ఇచ్చారు. మిగతావి నువ్వు నింపి ఇచ్చెయ్ అన్నారు. ఆ రోజు ఏప్రిల్ 5. శుభ్రంగా 5/4 అని రాశాను. ఇక్కడ నెల ముందు, తేదీ తర్వాత. అంటే అది మే 4 నాటి చెక్కు అయి కూర్చుంది! అపార్ట్‌మెంట్ ఆఫీసావిడ తిప్పి నా చేతిలో పెట్టింది. ఇంకోటి రాసిద్దామంటే ఖాతాలో నా పేరే లేదు. ఆయన తిరిగొచ్చాక లేట్ ఫీజుతో కలిపి కట్టాం.

డబ్బు పోయినందుకు కాదు నా బాధ. ఊళ్ళో నాన్నగారి పెన్షన్ పనులన్నీ చూసినదాన్ని, ఇక్కడ ఒక్క చెక్కు ఇవ్వలేకపోయానే అని ఏడుపొచ్చింది.

పోస్టాఫీసే కాస్త నయం. అమ్మకి పార్సెల్ పంపడానికి వెళితే కౌంటర్లో ఆవిడ గడగడా ఏదో అడిగింది. నాకు 'లిక్విడ్' ఒక్కటే అర్థమై, నూనె సీసా దొరికిపోయినదానిలా వణికాను. లోపల ఉన్నవి స్వెట్టరూ ఫోటోలే! పగిలేవి, పాడయ్యేవి, ప్రమాదకరమైనవి ఉన్నాయా అని అందరినీ అడుగుతారట. కస్టమ్స్ కాగితం నింపి సంతకం పెట్టి బయటికొస్తే ఎంత ధైర్యమో!

ఆ ధైర్యంతోనే బ్యాంకుకి బయల్దేరదీశాను మా వారిని. హెచ్4 మీద వచ్చి, పని అనుమతి లేని నాకు సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు. అది లేకపోతే కుదరదన్నారు. నిజానికి పాస్‌పోర్టు నంబరుతో కూడా ఖాతా తెరవడానికి ఇక్కడి రూల్స్ ఒప్పుకుంటాయి; కాకపోతే బ్యాంకుకో పద్ధతి. ఇంకో బ్యాంకులో పాస్‌పోర్టు, అద్దె కాగితం చూపిస్తే ఇద్దరి పేరా ఖాతా ఇచ్చారు.

"మా ఆయన చూసుకుంటారు కదా" అంటారు చాలామంది. చూసుకుంటారు, కాదనను. ఆయన ఆస్పత్రిలో ఉన్న రోజున ఎవరు చూసుకుంటారు? పైగా ఇక్కడ క్రెడిట్ చరిత్ర ఎవరిది వాళ్ళదే, మొగుడిది పెళ్ళానికి రాదు. ఇది ఆయన మీద అపనమ్మకం కాదర్రా, సంసారంలో సగం బరువు.

మొన్న మా పిన్ని కూతురు ఇక్కడికి బయల్దేరుతూ, ఏ గిన్నెలు తెచ్చుకోవాలక్కా అని ఫోన్ చేసింది. గిన్నెలు ఇక్కడ దొరుకుతాయి, పాస్‌పోర్టూ పెళ్ళి సర్టిఫికెట్టూ మాత్రం చేతిసంచిలో పెట్టుకో, దిగిన వారంలో నిన్ను బ్యాంకుకి తీసుకెళ్తాను అన్నాను.