తొమ్మండుగురు పనివారి గతి యేమి?

మన పట్టణములలో అచ్చుకూటములు, లేతు పనిశాలలు, మందుల దుకాణములు, దర్జీ అంగళ్లు ఎన్నియో కలవు. వీనిలో పెక్కింట పనివారు పదుగురికి లోపుగనే యుందురు. పదుగురున్నచోట యజమాని యిష్టముతో నిమిత్తము లేక కార్మిక రాజ్యభీమా వర్తించును. 1948 నాటి యా పద్ధతి యిప్పుడు 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతిలో చేరి, 2025 నవంబరు 21 నుండి అమలులో నున్నది. తొమ్మండుగురున్నచోట యజమానియు, పనివారిలో అధిక సంఖ్యాకులును సమ్మతించిననే గాని అది రాదు. వచ్చినను, 2017లో నిర్ణయించిన నెలకు 21,000 రూపాయల వేతనపరిమితిని దాటినవారు దానికి వెలియే. ఇట్టివారికి మిగిలిన దారి భీమా కంపెనీల గ్రూపు పాలసీ.

ఆ దారి యెట్లున్నదో చూడుడు. ఒక చిన్న అచ్చుకూటపు యజమాని మా యొద్దకు సలహాకై వచ్చెను. ఎనమండుగురు పనివారికి ఆయన పాలసీ తీసికొనెను. వారిలో నొకనికి మూత్రపిండములు చెడెను. కంపెనీ ఆసుపత్రి ఖర్చు చెల్లించిన మాట నిజమే. కాని మరుసటి యేడు ప్రీమియము రెట్టింపునకు మించెను. “ఆ యొక్కని పేరు తీసివేసినచో తగ్గునట. ఏమి చేయమందురు?” అని ఆయన మమ్మడిగెను. ఆయన దుర్మార్గుడు కాడు. ఈ పద్ధతియే ఆ ప్రశ్నను ఆయన నోట పలికించినది.

వేయిమంది గల సంస్థలో ఒక పెద్ద జబ్బు లెక్కలో కలిసిపోవును. ఎనమండుగురిలో ఆ జబ్బే లెక్క యంతయు. గ్రూపు పాలసీలకు గడచిన యేటి క్లెయిములను చూచి కొత్త ప్రీమియము కట్టుట వాడుక. ఒకని కష్టమును పలువురు పంచుకొనుట గదా భీమా! ఆ ఖర్చును ఆ యెనమండుగురి నుండియే మరుసటి యేట రాబట్టుట అప్పు వసూలు గాని భీమా కాదు.

జబ్బు వచ్చిన పిమ్మటనే చిన్న యజమానులు పాలసీ కొరకు వత్తురని కంపెనీల వాదము. ఆ భయము నిరాధారము కాదు. కాని దానికి మందు చిన్న గ్రూపుల నన్నిటిని ఒకే లెక్కలో చేర్చుట. ఒక్కొక్క దుకాణమును విడదీసి శిక్షించుట కాదు. అమెరికాలో 2010 నాటి చట్టము, 2014 నుండి చిన్న యజమానుల కొత్త పాలసీలకు పనివారి ఆరోగ్యమును బట్టి ధర కట్టరాదని నిషేధించెను. వర్తక స్వేచ్ఛకు పేరుపడిన దేశము చేసినది మనము చేయలేమా?

హైదరాబాదుననే కొలువున్న భీమా నియంత్రణ సంస్థకు శక్తి లేదనలేము. క్లెయిము చేసినాడన్న కారణమున ఒకని పాలసీ పునరుద్ధరణను నిరాకరింపరాదని అదియే శాసించినది. అరువదియేండ్లు పైబడినవారి ప్రీమియమును ఏటికి నూటికి 10కి మించి పెంచదలచినచో ముందుగా తన్ను సంప్రదింపవలెనని 2025 జనవరిలో ఆజ్ఞాపించినది. ఆ దయ దర్జీ అంగడి పనివానిపై ఏల ప్రసరింపదు? ప్రభుత్వమును తక్కువ తినలేదు. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తి, కుటుంబ పాలసీలపై జి.ఎస్.టి. తీసివేసి, గ్రూపు పాలసీలపై నూటికి 18 వంతున నిలిపినది. తన కొరకు కొనుక్కొన్న ధనికునికి పన్ను లేదు. పనివారి కొరకు కొన్న చిన్న యజమానికి కలదు!

మేము కోరునవి మూడు. ఏబదిమందికి లోపైన గ్రూపులన్నిటికి ప్రతి కంపెనీయు ఒకే సామాన్య లెక్కపై ధర కట్టవలెను. గ్రూపు పాలసీలపై పన్ను తొలగవలెను. పని మానినవాడు అదే కంపెనీ వ్యక్తి పాలసీకి మారు హక్కు ఇదివరకే కలదు. దానిని తెలుగులో అచ్చొత్తి పనివాని చేతికీయవలెను. వర్తక సంఘములును కార్మిక సంఘములును తమ తగవులను ప్రక్కకుబెట్టి, ఈ విషయమున ఒకే మహజరుపై చేవ్రాళ్లు చేయవలెను.

ఆ యజమానికి మేము పేరు తీయవద్దంటిమి. ఆయన తీయలేదు. ఎన్నేండ్లట్లు నిలువగలడో మేము చెప్పజాలము. నిలువనిచ్చు భారము ప్రభుత్వముపై నున్నది.