ఆ పురుగు పేరు వెంటనే చెప్పేయకండి



వానాకాలం రాత్రి బాల్కనీ లైటు దగ్గర ఎప్పుడూ చూడని చిమ్మట, అదే పిల్లలు మాత్ అంటారే, వచ్చి వాలుతుంది. "ఇదేంటి?" అని మీ పాప అడుగుతుంది. మనకు అలవాటైన జవాబులు రెండే: చీపురు, లేదా గూగుల్. ఆ రెండింటినీ కాసేపు పక్కన పెట్టమని నా మనవి.

మన దేశంలో దాదాపు 10,000 రకాల మాత్‌లు ఉన్నాయి. అన్నీ తెలిసినవారు ఎవరూ లేరు. అందుకే వీటి మీద ఇష్టమున్నవాళ్లు ఒకరినొకరు అడుగుతారు. ఐనాచురలిస్ట్ యాప్‌లో ఫొటో పెడితే కంప్యూటర్ ఒక పేరు సూచిస్తుంది. కానీ అది ఖాయం కావాలంటే కనీసం ఇద్దరు మనుషులు ఒప్పుకోవాలి.

మా క్లాసు బాబు ఒకడు "మిలిటరీ డ్రెస్ వేసుకున్న మాత్" ఫొటో తెచ్చాడు. చూసినవాళ్లు ముందు పేరు చెప్పలేదు. దగ్గర్లో గన్నేరు గానీ నందివర్ధనం గానీ ఉందా అని అడిగారు. గేటు పక్కనే నందివర్ధనం ఉంది. దాని గొంగళిపురుగులు తినేది ఆ ఆకులే! పేరు ఓలియాండర్ హాక్ మాత్. ఓలియాండర్ అంటే గన్నేరే. ఒక పురుగుకీ ఒక మొక్కకీ ఉన్న సంబంధం వాడికి బట్టీ పట్టకుండానే అర్థమైంది.

అన్నిటికీ ఇలా పేరు దొరకదు. చిన్న చిన్న గోధుమరంగు మాత్‌ల విషయంలో నిపుణులు కూడా "కుటుంబం వరకే చెప్పగలం, ఫొటోతో ఇంతకు మించి తేలదు" అని ఆగిపోతారు. నాకు నచ్చేది ఇదే. మన పిల్లలకు నాలుగు ఆప్షన్లలో ఒకటి టిక్ పెట్టడం బాగా వచ్చు. "ఇంతవరకే తెలుసు" అనాలంటే మాత్రం భయం. మార్కులు ముఖ్యమే, కాదనను. కానీ ఆ మాట ధైర్యంగా అనలేని పిల్లలు రేపు ల్యాబ్‌లో ఏం చేస్తారు?

పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయించండి. తేదీ, చోటు, దగ్గరున్న మొక్క రాయించండి. మీ అకౌంట్ నుంచే పెట్టండి, ఇంటి లొకేషన్ కచ్చితంగా కనపడకుండా సెట్ చేయండి. గన్నేరు పాలు విషం. చిన్నపిల్లలను ఆ ఆకులు తుంచనివ్వకండి.

ఏటా జూలై చివర్లో నేషనల్ మాత్ వీక్ వస్తుంది. ఆ వారం ఒక్క రాత్రి హోమ్‌వర్క్ అయ్యాక ఓ అరగంట లైటు కింద పిల్లలతో కూర్చోండి. వచ్చే పీటీఎంలో మార్కులతో పాటు, వాళ్లు అడిగిన ఏ ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేకపోయిందో కూడా చెప్పండి. వినాలని ఉంది.