తొలి స్వర్ణం పేరు

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో మన దేశానికి మొట్టమొదటి స్వర్ణం తెచ్చింది ఎవరని అడిగితే, ఆటలంటే ప్రాణం పెట్టేవాళ్లు కూడా తడుముకుంటారు. వంద మీటర్ల ఫ్రీస్టయిల్ ఈతలో సచిన్ నాగ్. కాశీలో పుట్టి, గంగలో ఈత నేర్చినవాడు. 1947లో కలకత్తా అల్లర్లలో కాలికి తూటా తగిలింది. అయినా మరుసటి ఏడాదే లండన్ ఒలింపిక్స్‌లో ఈతకూ, వాటర్ పోలోకూ నీళ్లలోకి దిగాడు! ఆ మొండితనం ముందు నాకు పతకం కూడా చిన్నదిగానే కనిపిస్తుంది. 2023 హాంగ్జౌ క్రీడలు ముగిసేనాటికి కూడా ఆసియా క్రీడల ఈతలో మరో భారతీయుడు స్వర్ణం గెలవలేదు. ఆయన టైమింగ్ ఇప్పటి పిల్లలు దాటేసేదే కదా అని కొందరంటారు. ఈతలో ఏ టైమింగ్ నిలిచింది గనక? 1972లో అమెరికా ఈతగాడు మార్క్ స్పిట్జ్ వంద మీటర్లను 51.22 సెకన్లలో ఈదితే లోకం నివ్వెరపోయింది. 2024లో పాన్ చాన్లే అదే దూరాన్ని 46.40 సెకన్లలో ఈదేశాడు. అయినా స్పిట్జ్ పేరు చెక్కుచెదరలేదు, ఎందుకంటే అమెరికా ఆ కథను పదే పదే చెప్పుకుంది. మనం చెప్పుకోలేదు. నాగ్ 1987లో కన్నుమూశాడు. ధ్యాన్‌చంద్ అవార్డు 2020లో, ఆయన పోయిన 33 ఏళ్లకు ప్రకటించారు. అర్జున అవార్డు 1961 నుంచీ ఉంది. బతికుండగా ఇవ్వడానికి పాతికేళ్లకు పైగా సమయం దొరికింది. ఈ జాప్యాన్ని నేను క్షమించలేను. కనీసం బడి పిల్లల క్రీడా పాఠాల్లోనైనా ఆయన పేరు, ఆ తూటా కథతో సహా, ఈ ఏడాదే చేర్చాలి.