నల్లకోటు ఎవరి పక్షం?

మన వాడల పిల్లలు లా కాలేజీలకు పోతున్నారు. సంతోషం! అయితే ఆ నల్లకోటు ఎవరి పక్షాన నిలబడాలి?

హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా ఉన్న బొజ్జా తారకం, 1985 కారంచేడు మారణకాండ తర్వాత ఆ పదవి వదిలేసి బాధితుల వెంట నిలిచారు. వృత్తి విలువంటే అదీ.

లా విద్యార్థులారా, సెలవులకొచ్చినప్పుడు వాడలో కూర్చోండి. 1989 అట్రాసిటీ చట్టం చదివి వినిపించండి. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకున్న పోలీసులు, దాన్ని చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి; నకలు వెంటనే ఇవ్వాలి. 2015 సవరణ తర్వాత 4వ సెక్షన్‌లో ఇది స్పష్టంగా ఉంది. కావాలని ఎగ్గొట్టే దళితేతర, ఆదివాసేతర అధికారికి ఆర్నెల్ల నుంచి ఏడాది జైలు.

ఈ ముక్క తెలిస్తే మన కూలితల్లి కూడా స్టేషన్లో గట్టిగా అడుగుతుంది. అట్లా అడిగేవాళ్లను వాడకు పదిమందిని తయారుచేయండి. మీ నాయకత్వాన్ని మేం దాంతోనే కొలుస్తాం.