యూనియన్లో చేరితే ఏమొస్తుంది, ఏం పోతుంది?

"యూనియన్లో చేరమంటున్నారు, చేరమంటారా మేడమ్?" ఇరవై ఏళ్లుగా పరిశోధన పని మీద అంగన్‌వాడీ కేంద్రాలకూ, బీడీలు చుట్టే ఇళ్లకూ, కుట్టు మిషన్ల షెడ్లకూ తిరుగుతున్న నాకు ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్న ఇది. అడిగేవాళ్లకు కావలసింది ఉపన్యాసం కాదు. చందా ఎంత, మీటింగులకు ఎన్నిసార్లు పోవాలి, సూపర్‌వైజర్‌కు తెలిస్తే ఏమవుతుంది, ఇంట్లో ఏం చెప్పాలి అన్నవి వాళ్ల సందేహాలు. మన దగ్గర మాత్రం ఈ ప్రశ్నకు రెండు తయారు జవాబులున్నాయి. సంఘటితం కావడమే దారి, ఇంకేమీ ఆలోచించనక్కర్లేదన్నది ఒకటి. యూనియన్లన్నీ మగవాళ్ల రాజకీయాలు, ఆడవాళ్లకు వాటితో పనిలేదన్నది రెండోది. రెండింట్లోనూ సగం నిజమే ఉంది. ఆ సగం నిజాలను పక్కపక్కన పెట్టి చూడడానికే ఈ సంపాదకీయం.

మొదట లాభం సంగతి. ఒంటరిగా అడిగిన మనిషిని పనిలోంచి తీసెయ్యడం తేలిక. పదిమంది కలిసి అడిగితే అంత తేలిక కాదు. ఇది అందరికీ తెలిసిందే గానీ, ఆ కలిసి అడగడం ఒకప్పుడు నేరంతో సమానమన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. 1918లో మద్రాసులో బట్టల మిల్లు కార్మికులు లేబర్ యూనియన్ పెట్టుకుంటే, ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే దాని నాయకుడు బి.పి. వాడియా మీద యాజమాన్యం హైకోర్టుకెక్కి నిషేధాజ్ఞ తెచ్చింది. ఆ దెబ్బ తర్వాత వచ్చిందే 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం. యూనియన్ పనిగా సమ్మెకు పిలుపిచ్చినందుకు కుట్ర కేసు పెట్టకూడదని, నష్టపరిహారం దావా వెయ్యకూడదని ఆ చట్టం రక్షణ ఇచ్చింది. అంటే యూనియన్ రిజిస్ట్రేషన్ వట్టి కాగితం కాదు, ఒక తరం దెబ్బలు తిని సంపాదించిన రక్షణ.

రెండో లాభం డబ్బుల్లో లెక్కకు రాదు. అది పేరు. 1975లో ఐసీడీఎస్ మొదలైనప్పటి నుంచీ అంగన్‌వాడీ స్త్రీలు ప్రభుత్వం దృష్టిలో స్వచ్ఛంద సేవకులు, వాళ్లకిచ్చేది గౌరవ వేతనం. పిల్లలకు వండి పెట్టడం, బాలింతల బరువు చూడడం, రిజిస్టర్లు రాయడం, సర్వేలు చెయ్యడం అన్నీ సేవ కింద జమ. స్త్రీ చేసే పనిని పని అనకుండా ప్రేమ అనడం పితృస్వామ్యానికి పాత అలవాటే. ఇక్కడ ఆ అలవాటు ప్రభుత్వ ఉత్తర్వుల్లోకి ఎక్కింది. వాళ్లవి సివిల్ పోస్టులు కావని 2006లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అదే కోర్టు 2022 ఏప్రిల్‌లో, 1972 గ్రాట్యుటీ చట్టం వాళ్లకు వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. ఈ రెండు తీర్పుల మధ్య పదహారేళ్లలో ధర్నాలు జరిగాయి, వినతిపత్రాలు పోయాయి, కేసులు నడిచాయి. "మేం సేవకులం కాదు, కార్మికులం" అని ఒక ఊరి అంగన్‌వాడీ టీచర్ ఒక్కతే అంటే నవ్వి ఊరుకుంటారు. యూనియన్ అంటే జవాబు చెప్పాలి.

ఇప్పుడు నష్టం సంగతి. దీనికీ అంగన్‌వాడీల అనుభవమే చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబర్ 12న మొదలైన సమ్మె 42 రోజులు సాగింది. అప్పటికి కార్యకర్తకు నెలకు 11,500, ఆయాకు 7,000 రూపాయలు. పక్కనున్న తెలంగాణలో కార్యకర్తకు 13,650. అంతకంటే తక్కువ ఇవ్వబోమన్న మాట నిలబెట్టుకోమనీ, గ్రాట్యుటీ ఇమ్మనీ వాళ్లడిగారు. ప్రభుత్వం సచివాలయ సిబ్బంది చేత కేంద్రాల తాళాలు పగలగొట్టించింది. 2024 జనవరి 6న ఎస్మా ప్రయోగించింది. తొలగిస్తామని నోటీసులిచ్చింది. జనవరి 22 రాత్రి చర్చల తర్వాత సమ్మె విరమించారు. జీతాలు జూలైలో పెంచుతామని హామీ వచ్చింది. జూన్‌లో ఆ ప్రభుత్వమే మారిపోయింది.

ఇందులో ఒక వింత గమనించండి. హక్కులడిగితే మీరు ఉద్యోగులు కారు, సేవకులంటారు. పని ఆపితే మాత్రం మీది అత్యవసర సర్వీసంటారు. అయితే ఈ వైరుధ్యాన్ని బయటపెట్టినంత మాత్రాన ఆ 42 రోజులూ ఇల్లు గడవలేదు. అందులో ఒంటరి స్త్రీలున్నారు, విధవలున్నారు, కూతురి పెళ్లికి చేసిన అప్పు తీరుస్తున్నవాళ్లున్నారు. సమ్మె చెయ్యమని చెప్పే ఎవరమైనా ఆ ఇళ్ల అటకల మీద బియ్యం ఎన్ని రోజులకున్నాయో కూడా అడగాలి. సమ్మె నిధి లేని యూనియన్ సభ్యుల ఆకలి మీద పోరాటం నడుపుతుంది.

నష్టాల్లో రెండోది ఇంట్లో ఉంది. మగ కార్మికుడు మీటింగుకు పోతే ఇంట్లో అన్నం మూతపెట్టి ఉంచుతారు. ఆడ కార్మికురాలు పోతే వంట ఎవరు చేస్తారన్నది మొదటి ప్రశ్న, ఎవరితో పోయిందన్నది రెండో ప్రశ్న. సాయంత్రం ఏడింటికి పార్టీ ఆఫీసు మేడ మీద మీటింగు పెట్టి, ఆడవాళ్లు చైతన్యం లేక రావడం లేదని తీర్మానించే నాయకులను నేను చాలామందిని చూశాను. రాకపోవడానికి కారణం చైతన్యం లేకపోవడం కాదు, ఆఖరి బస్సు వెళ్లిపోవడం.

మూడోది యూనియన్ లోపలి సంగతి. సభ్యుల్లో ఎక్కువమంది స్త్రీలున్న రంగాల్లో కూడా సంతకం పెట్టే చేతులు మగవే కావడం మనకు తెలుసు. 2015 సెప్టెంబర్‌లో కేరళలోని మున్నార్ తేయాకు తోటల్లో జరిగింది ఇందుకే గుర్తుపెట్టుకోవాలి. బోనసు 20 నుంచి 10 శాతానికి తగ్గిస్తే వేలమంది స్త్రీలు, ఎక్కువమంది తమిళ దళిత స్త్రీలు, రోడ్డు మీద కూర్చున్నారు. దశాబ్దాలుగా చందాలు కట్టిన పెద్ద యూనియన్లను దగ్గరికి రానివ్వలేదు. యాజమాన్యంతో కుమ్మక్కయ్యారని ఆ నాయకుల మీదే తిరగబడ్డారు. తమ ఐక్యతకు పెంబిళ్లై ఒరుమై అని పేరు పెట్టుకున్నారు. తొమ్మిది రోజుల్లో 20 శాతం బోనసు సాధించారు. ఆ తర్వాత 232 రూపాయల రోజు కూలిని 500 చెయ్యమంటే 301 దగ్గర ఒప్పందం కుదిరింది.

మరుసటి ఏడాది, 2016 ఏప్రిల్‌లో, బెంగుళూరు గార్మెంట్ కార్మికులు వీధుల్లోకి వచ్చారు. ప్రావిడెంట్ ఫండ్ డబ్బు తీసుకోవడం మీద కేంద్రం పెట్టిన ఆంక్షను రెండు రోజుల్లోనే వెనక్కి తీయించారు. దానికీ ఏ పెద్ద యూనియనూ పిలుపివ్వలేదు.

ఈ రెండూ చూపించి, "చూశారా, యూనియన్ లేకుండానే గెలిచారు" అనేవాళ్లున్నారు. నేను అలా అనలేను. ఉవ్వెత్తున లేచిన కెరటం గెలుస్తుంది నిజమే, కానీ దాన్ని నిలబెట్టే నిర్మాణం కావాలి. మున్నార్ స్త్రీల సంఘం ఆ తర్వాత చీలికలతో బలహీనపడింది. బెంగుళూరులో కేసులు మిగిలాయి. కేసు వాయిదాకు తోడు వెళ్లడం, ఒప్పందం అమలవుతోందో లేదో నెలనెలా చూడడం కెరటం చేసే పనులు కావు. అవి సంఘం పనులు.

మూడో దారి ఒకటి మన దేశంలోనే ఉంది. 1972లో అహ్మదాబాద్‌లో ఇలా భట్ సేవా సంస్థను ట్రేడ్ యూనియన్‌గా నమోదు చెయ్యమంటే, యజమాని ఎవరో తెలియని కార్మికులకు యూనియన్ ఏమిటని కార్మిక శాఖ మొదట ఒప్పుకోలేదు. యూనియన్ యజమానికి వ్యతిరేకంగా మాత్రమే కాదు, కార్మికుల ఐక్యత కోసం కూడా అన్న వాదనతో రిజిస్ట్రేషన్ సాధించారు. అయితే తల్లి యూనియన్ అయిన టెక్స్‌టైల్ లేబర్ అసోసియేషన్‌తో 1981లో తెగతెంపులయ్యాయి. రిజర్వేషన్ల వ్యతిరేక అల్లర్లలో దళితుల పక్షాన మాట్లాడడం దానికొక కారణం. పెద్దవాళ్ల నీడలో పెరగడం, ఆ నీడ దాటితే శిక్ష పడడం అక్కడా తప్పలేదు.

ఇక మన ఇంటి సంగతి. ఈ పత్రిక చదివే మనలో చాలామందిమి స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తున్నాం. ఊరూరా మహిళా సంఘాలు పెట్టిస్తాం, కనీస వేతనాల మీద శిక్షణలిస్తాం. మన నియామక పత్రం మాత్రం పదకొండు నెలలది. ప్రాజెక్టు అయిపోతే మనమూ అయిపోతాం. అడిగితే "మనమంతా ఒక కుటుంబం కదా" అంటారు. కుటుంబంలో స్త్రీ శ్రమకు ఏ విలువ కడతారో స్త్రీవాదులకు వేరే చెప్పాలా?

యాజమాన్యాల వైపు మాటనూ వినాలి. లాభాలు లేనిచోట బేరం దేనికోసమన్నది నిజమైన ప్రశ్నే. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి తగ్గించారు. చిన్న సంస్థల మెడకు అది ఉరి. లోపలి గొడవ రోడ్డెక్కితే సంస్థను మూయించడానికి కాచుకున్నవాళ్లకు సాకు దొరుకుతుందన్న భయమూ ఉత్త భయం కాదు. అయినా ఆ బరువంతా ఫీల్డు కార్యకర్త బస్సు చార్జీల మీద పడడం న్యాయం కాదు. కలిసి కూర్చుని ఖాతాలు చూపించి మాట్లాడుకోవడానికైనా ఉద్యోగులకు ఒక సంఘం కావాలి.

చట్టం మాత్రం వెనక్కి నడిచింది. 1978లో బెంగుళూరు వాటర్ సప్లై కేసులో సుప్రీంకోర్టు పరిశ్రమ అన్న మాటకు విశాలమైన అర్థం చెప్పింది. ధార్మిక సంస్థల్లో చాలావాటిని కూడా అందులోకి తెచ్చింది. దాన్ని కుదించడానికి 1982లో చేసిన సవరణ ఎన్నడూ అమల్లోకి రాలేదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ పని పూర్తిచేసింది. పూర్తిగా గానీ చాలావరకు గానీ దాతృత్వ, సామాజిక సేవలో ఉన్న సంస్థలు దాని ప్రకారం పరిశ్రమలు కావు. ఇతర రంగాలకూ అది కొత్త నిబంధనలు తెచ్చింది. సమ్మెకు పద్నాలుగు రోజుల ముందు నోటీసివ్వాలి. సగం మంది ఒకేరోజు సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క. 51 శాతం సభ్యులున్న యూనియన్‌కే ఒంటరిగా బేరమాడే హక్కు. చీలిపోయిన యూనియన్ల మధ్య నలిగే స్త్రీలకు ఈ అంకె చాలా ముఖ్యం. ఫిర్యాదుల కమిటీలో స్త్రీలకు వాళ్ల సంఖ్యకు తగ్గ ప్రాతినిధ్యం ఉండాలన్నది మాత్రం వాడుకోదగ్గ నిబంధన. కోడ్ ఏం చెప్పినా, సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది. దాన్ని ఏ నిర్వచనమూ తీసెయ్యలేదు.

కాబట్టి నన్నడిగితే, చేరమనే చెబుతాను. కానీ కళ్లు మూసుకుని కాదు. చందా కట్టే ముందు కొన్ని ప్రశ్నలడగాలి. ఎన్నికలు ఎప్పుడు జరిగాయి? ఖాతాలు ఎవరికి చూపిస్తారు? చర్చల బల్ల దగ్గర కూర్చునే ఆడవాళ్లెందరు, దళిత స్త్రీలెందరు? మీటింగు ఏ వేళకు, పిల్లల్ని ఎవరు చూస్తారు? సమ్మె నిధి ఉందా? అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఒకటుంది. వేధించినవాడూ మన సభ్యుడే అయితే యూనియన్ ఎవరి పక్కన నిలబడుతుంది? 2013 చట్టం కింద ఫిర్యాదు చేసిన స్త్రీని ఐక్యత దెబ్బతింటుందని నోరుమూయించే యూనియన్‌లో ఐక్యత మగవాళ్లకు మాత్రమే.

ఈ ప్రశ్నలకు మంచి జవాబులు ఇప్పటికే దొరుకుతాయని కాదు. లోపలికి వెళ్లి అడిగేవాళ్లుంటేనే జవాబులు మారతాయి. అందుకు ఒక్కరుగా వెళ్లకండి, నలుగురైదుగురు కలిసి వెళ్లండి. మీరు పనిచేసే చోట యూనియన్ అనుభవం ఎలాంటిదైనా, చేరి నిలబడ్డవాళ్లూ, విసిగి బయటికి వచ్చినవాళ్లూ, మాకు రాయండి. పేరు వెయ్యొద్దంటే వెయ్యం. మాకు కావలసింది నినాదాలు కాదు, మీ లెక్కలు.