అయ్యగారి సంతకానికి ఎన్ని మార్కులు?



నీట్ ఫలితాలు వచ్చే రోజుల్లో మా ఇంటి గుమ్మం దగ్గర చెప్పులు ఎక్కువగా కనిపిస్తాయి. ప్రార్థన కోసం వచ్చేవారు కొందరు, కాగితాల కోసం వచ్చేవారు కొందరు. పొన్నూరు చుట్టుపక్కల పల్లెల నుండి వచ్చే ఈ తల్లిదండ్రులలో చాలామంది కౌలుకు చేసేవారు, కూలికి పోయేవారు. వరి కోతకు ముందు చేలో మినుము చల్లి, ఆ మినుము అమ్మిన డబ్బు గుంటూరులో బిడ్డ కోచింగుకు కట్టినవారు. ర్యాంకు కాగితం ముందు పెట్టి, "ఇది మంచిదేనా అయ్యగారూ?" అని అడుగుతారు. మేము చదివినది వేదాంతమే గాని వైద్యం కాదు. అయినా అడిగినవారికి చెప్పాలి గనుక కొంత నేర్చుకున్నాము. ఆ నేర్చుకున్నదీ, దానితో పాటు మా సొంత తప్పు ఒకటీ ఈ నెల వ్రాస్తున్నాము.

"మా అమ్మాయికి 50 పర్సంటైల్ దాటింది, సగం మార్కులు వచ్చినట్టే గదా" అన్నాడు ఒక తండ్రి. కాదు. పర్సంటైల్ మార్కుల లెక్క కాదు, మనుషుల లెక్క. వ్రాసిన వారందరినీ మార్కుల వరుసలో నిలబెడితే, నూటికి ఎందరు మన బిడ్డ వెనుక ఉన్నారో చెప్పేదే అది. 2025లో జనరల్ వారికి అర్హత గీత 720కి 144 మార్కుల దగ్గర ఆగింది. బి.సి., ఎస్.సి., ఎస్.టి. వారికి 113 దగ్గర ఆగింది. అంటే నూటికి 20 మార్కులు వచ్చినా అర్హత కాగితం చేతికి వస్తుంది. ఆ సంవత్సరం 22 లక్షల మంది వ్రాస్తే 12 లక్షల పైన అర్హులయ్యారు. దేశమంతటా ఉన్న ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్ష పైచిలుకు. పందిట్లోకి రానిచ్చారని బంతిలో విస్తరి వేసినట్టు కాదు. ఈ తేడా తెలియని ఇళ్ళకే ఏజెంట్ల ఫోన్లు వస్తాయి. మేనేజ్‌మెంట్ సీట్లు కూడా నీట్ ర్యాంకు ప్రకారం కౌన్సెలింగులోనే నింపుతారు. ఉన్న అర ఎకరం బేరం పెట్టే ముందు ఈ ఒక్క మాట జ్ఞాపకం ఉంచుకోండి.

మేము ఇంటర్ చదివిన రోజుల్లో ఎంసెట్ ఉండేది. 160 ప్రశ్నలు, 160 మార్కులు, తప్పు వ్రాసినా కోత లేదు. తరువాత కొన్ని సంవత్సరాలు ఇంటర్ మార్కులకు నూటికి 25 వంతు విలువ కట్టి ర్యాంకులో కలిపేవారు. 2017 నుండి మన రాష్ట్రంలో నీట్ ఒక్కటే. ఇందులో 180 ప్రశ్నలు. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. 720లో సగం, అంటే 360, జీవశాస్త్రానివే. ఇంటర్ మార్కులు అర్హతకే గాని ర్యాంకుకు పనికిరావు. ఇద్దరికి సమానంగా వస్తే ముందు జీవశాస్త్రం మార్కులు చూస్తారు, తరువాత రసాయనశాస్త్రం, ఆ తరువాత భౌతికశాస్త్రం. ఇదేమీ చిన్న సంగతి కాదు. 2024లో మొదట 67 మందికి 720కి 720 వచ్చినట్లు ప్రకటించారు. గొడవలు జరిగి, అదనపు మార్కులు తీసివేసి, జవాబులు సవరించిన తరువాత 17 మంది మిగిలారు.

ఢిల్లీ నుండి వచ్చే ర్యాంకు ఒకటే గాని, విజయవాడలో ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం దగ్గరకు వచ్చేసరికి అది అనేక వరుసలుగా విడిపోతుంది. ప్రభుత్వ కాలేజీల సీట్లలో నూటికి 15 దేశం మొత్తానికి పోతాయి. మిగిలిన వాటికి రాష్ట్రపు వరుస ఒకటి వేస్తారు. అందులో కులం వారీగా, లోకల్ ఏరియా వారీగా, ఆడపిల్లలకు వేరుగా లెక్కలు. అందుకే పక్కింటి అబ్బాయికి లక్ష ర్యాంకుకు సీటు వచ్చి, మన అమ్మాయికి తొంభై వేలకు రాకపోవచ్చు. లోపల ఎవరో ఏదో చేశారని వెంటనే అనుకోకండి. వారు నిలబడిన వరుస వేరు.

గిద్యోను వెంట వచ్చిన 32,000 మందిలో చివరికి మిగిలినది 300 మంది అని మనకు తెలుసు. మొదట భయపడేవారిని వెళ్ళిపొమ్మన్నారు. తరువాత వారు నీళ్ళు త్రాగే తీరును చూశారు. నీట్‌లో నీళ్ళు త్రాగే తీరు చూసే ఏర్పాటు లేదు. రోగి మంచం పక్కన కూర్చోగలడా, వాంతి చూసి ముఖం తిప్పుకుంటాడా, పేదవాడిని ఏకవచనంతో పిలుస్తాడా అనే ప్రశ్న ఆ 180లో ఎక్కడా రాదు. కొన్ని దేశాలలో అడుగుతారు. అమెరికాలో ముందు డిగ్రీ చదివి, ఎంక్యాట్ అనే పరీక్ష వ్రాసి, సిఫారసు ఉత్తరాలతో ఇంటర్వ్యూకు పోవాలి. కెనడాలోని మక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వారు ఒకే పెద్ద ఇంటర్వ్యూకు బదులు, గది తరువాత గదిలో చిన్న చిన్న ఇంటర్వ్యూలు పెట్టే పద్ధతి తెచ్చారు. ఒకరి ఇష్టానిష్టాల మీద బిడ్డ భవిష్యత్తు ఆధారపడకూడదని వారి ఉద్దేశం.

మన దేశంలో అలా అడిగిన చోటు ఒకటి ఉండేది. అది వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల. 1918లో ఐడా స్కడర్ అమ్మగారు అక్కడ ఆడపిల్లలకు వైద్యపాఠశాల తెరిచిననాటి నుండి, మార్కులతో పాటు మనిషిని కూడా చూసే అలవాటు వారిది. ప్రవేశపరీక్ష వ్రాయించి, వచ్చినవారిని కొన్ని రోజులు తమ మధ్య ఉంచుకొని, ఇంటర్వ్యూ చేసేవారు. ఉన్న 100 సీట్లలో ఎక్కువ భాగం సంఘాలు స్పాన్సరు చేసిన పిల్లలకు. చదువు అయ్యాక ఆ బిడ్డ రెండు సంవత్సరాలు అవసరమున్న మిషను ఆసుపత్రిలో పనిచేయాలి.

నీట్ వచ్చాక ఈ పద్ధతి కోర్టుకెక్కింది. వెల్లూరు వారి పేరుతోనే ఉన్న కేసులో 2013 జూలై 18న సుప్రీంకోర్టు నీట్‌ను కొట్టివేసింది. 2016లో ఆ తీర్పును వెనక్కు తీసుకుంది. 2017లో కళాశాల వారు తమ పద్ధతి వదులుకోలేక, 100 సీట్లలో కేంద్రప్రభుత్వం పంపిన ఒక్క విద్యార్థిని మాత్రమే చేర్చుకున్నారు. మిగిలిన 99 సీట్లు ఆ సంవత్సరం ఖాళీ. 2020 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు మైనారిటీ కాలేజీలకు కూడా నీట్ తప్పదని తేల్చింది. స్పాన్సరు సంఘం ఉత్తరం ఇప్పటికీ కావాలి. కాని ఆ ఉత్తరం తెచ్చినవారిలో ఎవరు ముందు అన్నది నీట్ మార్కులే చెబుతాయి.

ఇది అన్యాయమని మా తోటి కాపరులు చాలామంది అంటారు. మేము అంత గట్టిగా అనలేము. ఎందుకో చెబుతాము.

చాలా సంవత్సరాల క్రిందట మేము ఒక కుర్రవానికి ఉత్తరం వ్రాశాము. ఒక క్రైస్తవ విద్యాసంస్థలో సీటు కోసం. వాళ్ళ నాన్న సంఘపెద్దలకు కావలసినవాడు. ఆ కుర్రవాడు క్రిస్మసుకు, ఈస్టరుకు తప్ప మాకు కనిపించినవాడు కాదు. అయినా "చిన్ననాటి నుండి సండేస్కూలులో పెరిగి, సంఘ పరిచర్యలో చురుకుగా పాల్గొనుచున్నాడు" అని మా చేతితో వ్రాసి, ముద్ర వేసి ఇచ్చాము. అదే నెలలో ఒక విధవరాలి కూతురు అదే ఉత్తరం కోసం వస్తే, పెద్దలు ఒకరి పేరే పంపమన్నారని చెప్పి పంపివేశాము. ఆ పిల్ల ప్రతి ఆదివారం చాపలు పరిచేది. కుర్రవాడు చదువు ముగించి, పల్లె ఆసుపత్రికి పోకుండా బాండు డబ్బు కట్టి తప్పుకున్నాడు. మా ఇంట్లో అమ్మగారు ఆ రోజు ఒక మాటే అన్నారు: "చాపలు పరిచిన పిల్ల పేరు మీకు గుర్తుందా?" వెంటనే గుర్తు రాలేదు.

నీట్ మిషనుకు ఎవరి నాన్న ఎవరో తెలియదు. అది మంచిదే. కాని ఎవరి నాన్న కోచింగుకు కట్టగలిగాడో దానికి బాగా తెలుసు. తమిళనాడులో జస్టిస్ ఎ.కె. రాజన్ కమిటీ 2021లో ఇచ్చిన నివేదిక, పల్లెటూరి పిల్లలు, తమిళ మీడియం పిల్లలు ఈ పరీక్ష వల్ల వెనుకబడుతున్నారని చెప్పింది. అక్కడ 2020 నుండి ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన పిల్లలకు నూటికి ఏడున్నర సీట్లు వేరుగా ఉంచారు. మన గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి కట్టిన అన్నా కుగ్లర్ దొరసానిగారు 1883లో వచ్చేనాటికే పట్టా పొందిన డాక్టరు. అయినా మిషను బోర్డు వారు ఆమెను మొదట డాక్టరుగా పంపలేదు. వైద్య మిషనరీగా నియమించడానికి 1885 వరకు పట్టింది. ఆ రోజుల్లో ఎంచినవారు కూడా భక్తిగలవారే.

ఇక అసలు సంగతి. ఫలితాలు వచ్చిన కొన్నాళ్ళకు, ఒక సాయంత్రం నిడుబ్రోలు వైపు నుండి ఒక కౌలు రైతు, ఇంటర్ ముగించిన కూతురితో వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ ఫైలు. "అయ్యగారూ, వెల్లూరుకు బాప్తిస్మపు కాగితం, సంఘం ఉత్తరం కావాలి. విజయవాడ కౌన్సెలింగుకు మాత్రం పాత సర్టిఫికెట్టే పెడతాము. ఎవరైనా వచ్చి అడిగితే, మీరు మా సంగతి ఎత్తకుండా ఉంటే చాలు" అన్నాడు.

పాత సర్టిఫికెట్టు అంటే ఏమిటో మన పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, హిందూ మతంలో ఉన్నవారే ఎస్.సి.లు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్.సి.ల నుండి క్రైస్తవులైనవారు బి.సి. సి గ్రూపు. ఎస్.సి.లకు నూటికి 15, బి.సి. సి వారికి నూటికి 1. గీత అంచున ఉన్న బిడ్డకు ఈ తేడాయే సీటు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన పేటలో ఇల్లు మారలేదు, కూలి రేటు మారలేదు, పేరు అడిగి ఊరు అడిగే మనుషులు మారలేదు. ఆ తండ్రి కష్టం మాకు తెలుసు, మేమూ ఆ పేటలోనే పుట్టాము. ఈ సంగతి పరిశీలించడానికి కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ గారి కమిషన్ వేసింది. 2023 మార్చిలో మన శాసనసభ కూడా దళిత క్రైస్తవులను ఎస్.సి.లలో చేర్చమని తీర్మానం చేసింది. చట్టం మారాలని అడగడంలో తప్పు లేదు, మేమూ అడుగుతాము. కాని 2024 నవంబరులో పుదుచ్చేరి నుండి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు, చర్చికి పోతూ లాభం కోసం మాత్రం హిందువునని చెప్పుకోవడం కుదరదని స్పష్టంగా చెప్పింది.

ఇదంతా చెప్పాము. తండ్రి నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. అప్పటిదాకా మాట్లాడని పిల్ల, "రెండు ఫారాల మీదా సంతకం నాదే గదా అయ్యగారూ?" అని అడిగింది.

మేము బీరువాలో నుండి బాప్తిస్మపు రిజిస్టరు తీసి, ఆమె పేరున్న పేజీ తెరిచి ముందు పెట్టాము. "దీని నకలు అడిగినవారెవరికైనా ఇదే ఇస్తాము తల్లీ. వెల్లూరుకైనా, విజయవాడకైనా. ఉత్తరంలో నీవు చేసినదే వ్రాస్తాము, చేయనిది వ్రాయము" అన్నాము. తండ్రి ఏమీ అనకుండా లేచాడు. మూడు ఆదివారాలు ఆ కుటుంబం చర్చికి రాలేదు.

ఆ సంవత్సరం ఆ పిల్ల బి.సి. సి సర్టిఫికెట్టే పెట్టింది. వెల్లూరు వరుసలోనూ అందలేదు, విజయవాడలోనూ అందలేదు. పాతది పెట్టి ఉంటే ఎక్కడో ఒకచోట వచ్చేదేమో. ఆ మాట తండ్రి ఎన్నడూ అనలేదు. రాత్రిళ్ళు మేమే అనుకున్నాము. ఆ ఇంటికి మేము బాకీపడ్డామా అని అమ్మగారిని అడిగితే, ఆమె జవాబు చెప్పకుండా ప్రార్థన చేద్దామన్నారు.

మొన్న తండ్రీ కూతుళ్ళిద్దరూ మళ్ళీ వచ్చారు. మినుము అమ్మారట, ఇంకొక్క సంవత్సరం చూస్తామన్నారు. రాకపోతే నర్సింగు అని పిల్ల అంది. రిజిస్టరు నకలు పాతది నలిగిపోయిందట, కొత్తది కావాలన్నారు. బజారుకు పోయి జిరాక్సు తీయించుకొచ్చి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చాము. జిరాక్సు డబ్బులు వద్దన్నా వినక, తండ్రి బల్ల మీద చిల్లర పెట్టి వెళ్ళాడు.