లాఠీకీ కారుకూ పోటీనా?

తిరువూరు దాటితే ఖమ్మం జిల్లా. 2014 జూన్ 2 దాకా అది జిల్లాల మధ్య గీత. ఆ రోజు నుంచి రెండు రాష్ట్రాల సరిహద్దు. విజయవాడ నుంచి జగదల్‌పూర్ పోయే రోడ్డు ఈ ఊరి మీదుగానే పోతుంది. మామిడి వ్యాను, భద్రాచలం బస్సు పోయే దారినే గంజాయి బండీ పోతుంది. అర్ధరాత్రి దాన్ని ఆపాల్సింది ఎవరు? చేతిలో లాఠీ, టార్చిలైటు ఉన్న కానిస్టేబుల్, పక్కన ఓ హోంగార్డు.

2024 ఫిబ్రవరిలో అన్నమయ్య జిల్లా కేవీ పల్లె మండలంలో ఎర్రచందనం కారును ఆపబోయిన టాస్క్‌ఫోర్స్ కానిస్టేబుల్‌ను అదే కారుతో గుద్ది చంపారు. ఇలాంటిది జరిగినప్పుడల్లా ఒకటే కేక: శిక్షలు పెంచండి! ఆ కోపం మాకూ ఉంది. కానీ ఉన్న చట్టంలో ఏం తక్కువైంది? భారతీయ న్యాయ సంహితలో విధుల్లో ఉన్న ఉద్యోగిని తీవ్రంగా గాయపరిస్తే 121 సెక్షన్ కింద పదేళ్ల దాకా జైలు. చంపాలనే బండి ఎక్కిస్తే, మనిషి గాయాలతో బతికి బయటపడ్డా 109 కింద యావజ్జీవం దాకా వేయొచ్చు. ప్రాణం పోతే హత్య కేసే. ఉరి దాకా ఉంది. ఇంకేం పెంచుతారు?

కొరత శిక్షలో లేదు, రుజువులో ఉంది. చీకట్లో కనపడలేదు, బ్రేకు పడలేదు అంటాడు డ్రైవరు. హత్య కాస్తా ప్రమాదమైపోతుంది. నిర్లక్ష్యపు కేసుకు ఐదేళ్లే గరిష్ఠం. దీపం లేని, కెమెరా లేని చోట ఆ మాట అబద్ధమని తేల్చేదెలా?

శిక్ష పెంచితే భయపడతారా? 2016లో అటవీ చట్టాన్ని సవరించి ఎర్రచందనం నేరాలకు శిక్షలు పెంచారు. ఎనిమిదేళ్లకు జరిగిందేమిటో పైన చెప్పాం.

పైగా కేంద్ర చట్టానికి విరుద్ధంగా రాష్ట్రం మార్పు తేవాలంటే రాష్ట్రపతి ఆమోదం కావాలి. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఆమోదించిన దిశ బిల్లు ఆ గడపే దాటలేదు. కేంద్రం సంగతీ చూశాం. గుద్ది పారిపోతే పదేళ్లన్నందుకు 2024 జనవరిలో లారీ డ్రైవర్లు స్టీరింగ్ వదిలేశారు. హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. చివరికి ఆ ఒక్క 106(2)ను పక్కనపెట్టి, మిగతా సంహితను జూలై 1న అమల్లోకి తెచ్చారు.

ఇంకో మాట. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో రోడ్డు మీద బైఠాయించిన విద్యార్థులపై పాత శిక్షాస్మృతిలోని 332, 353 సెక్షన్లు బనాయించిన రోజులు మనం మరిచిపోలేదు. పోలీసుల రక్షణకని తెచ్చిన పదునైన సెక్షన్ రేపు స్మగ్లర్‌నే కోస్తుందన్న పూచీ ఎవరిస్తారు? పట్టుబడేది కిరాయి డ్రైవరు. సరుకు ఎక్కించినవాడు, దింపుకునేవాడు ఇంట్లో నిద్రపోతారు. వాళ్ల కోసం వ్యవస్థీకృత నేరాల 111 సెక్షన్ ఇప్పటికే ఉంది. వాడండి.

ముందు చెక్‌పోస్టులో దీపాలు వెలగనివ్వండి. కెమెరాలు, టైర్లు కోసే మేకుల పట్టీలు ఇవ్వండి. దూసుకొచ్చే బండికి మనిషిని అడ్డం నిలబెట్టకండి. ఆ రాత్రి హోంగార్డు ప్రాణమే పోతే అతని ఇంటికి కానిస్టేబుల్ ఇంటికి ఇచ్చేంత పరిహారం ఇస్తారా, లేదా? అదీ ఇప్పుడే చెప్పండి.